మా బావ చేపల గూడు

నీళ్ల గురించి మా బావ మద్దిలేటి రెడ్డికి తెలియనిది లేదని నందికొట్కూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ నమ్మేవి. అందరికంటే గట్టిగా నమ్మింది ఆయనే. నేను ఆయన భార్యకు తమ్ముణ్ని. ఆయన్ని ఎగతాళి చేసే హక్కు నాకు వాళ్ల పెళ్లినాడే దక్కింది. ఆ హక్కును నేనెప్పుడూ మూల పడెయ్యలేదు.

ఆయన పని బావులకు చోటు చూపించడం. చేలో బోర్లా పడుకుని నేలకు చెవి ఆనిస్తాడు. చుట్టూ నిలబడ్డ జనం ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. కాసేపటికి లేచి, మీసానికి అంటిన మన్ను దులుపుకుని, "ఈడ ఆరు మట్లు" అంటాడు. మనిషి నిలువెత్తు లోతును మా వైపు మట్టు అంటారు. ఆరు మట్లలో నీళ్లు పడితే అది బావ గొప్పతనం. పడకపోతే "ఇంకో మట్టు" అంటాడు. అప్పుడూ పడకపోతే మళ్లీ ఇంకో మట్టు. రాయి తగిలి గడ్డపారలు వంగిపోయి, రైతు విసిగి మానుకున్నాడనుకోండి, "ఒక్క మట్టు ముందర ఆపేసినాడు పాపిష్టోడు" అని ఊరూరా చెప్పుకుంటూ తిరుగుతాడు. ఇలాంటి విద్యలో ఓడిపోవడం ఎవరి తరమూ కాదు.

వయసులో ఉండగా ఆయన చూపించిన మొదటి బావిలో మాత్రం నీళ్లు ఉబికి వచ్చాయి. ఆ చేను కాలువ పక్కనే ఉంది. కాలువ పక్కన తవ్వితే నీళ్లు కాక నెయ్యి పడుతుందా అని ఎవరూ అడగలేదు. ఆ ఒక్క బావి మీద ఆయన బతుకంతా వెళ్లదీశాడు.

యాభై మూడులో కర్నూలు రాజధాని అయింది. ఊరి బయట గుడారాలు లేచాయి. కాస్త కప్పు నిలిచిన ప్రతి ఇంటి మీదా ఏదో ఒక ఆఫీసు బోర్డు వేలాడింది. బావ పొలం కౌలుకిచ్చి, కర్నూలు పాతకోట దగ్గర తన తాత కట్టించిన ఇంటికి అక్కతో సహా వచ్చేశాడు. "రాజధానికి నీళ్లు కావద్దా? నేను లేకుంటే వీళ్లకు దారి చూపేదెవరు?" అన్నాడు. నేను అప్పటికే ఊళ్లో ఒక బడిలో పంతులుగా ఉన్నాను. భోజనం అక్క ఇంట్లోనే కాబట్టి ఆ తర్వాత జరిగిన భాగోతమంతా నా కళ్ల ముందే జరిగింది.

ఎదురింట్లోకి బందరు వైపు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు దిగాడు. కొత్త క్వార్టర్లకు బావులు తవ్వించే పని ఆయన చేతిలో ఉందని తెలిసిన రోజు నుంచి బావకు నిద్ర లేదు. ఆ బావులకు చోటు తానే చూపించాలి. రాజధానిలో తన చెవి ఆననిచోట గడ్డపార పడకూడదు. ఆయన కోరిక అది. సాయంత్రం పూట ఇంజనీరు అరుగు మీద కూర్చుంటే, బావ వెళ్లి నీళ్ల గొప్పలు చెప్పేవాడు. ఒకరోజు ఇంజనీరు మాటల్లో మాటగా, మద్రాసులో తమ ఇంట్లో అద్దాల తొట్టిలో చేపలు పెంచేవాళ్లమని, అవి చూస్తుంటే పొద్దే తెలిసేది కాదని అన్నాడు. అంతే. మర్నాడు పొద్దున బావ తన ఇంటి గోడలో ఉన్న గూడు ముందు నిలబడి కొలతలు తీసుకుంటున్నాడు.

సరిగ్గా ఆ వారమే గంగక్క వచ్చింది. ఆమెది నందికొట్కూరు దగ్గర పల్లె. మొగుడు పోయాడు, ఉన్నది ఒక్క చేను. బావ మాట మీద ఆ చేలో బావి మొదలుపెట్టింది. తవ్వుతున్నది ఆమె తమ్ముడు సోమన్న. బావ చెప్పిన ఏడు మట్లు దాటాయి, "ఇంకో మట్టు" కూడా రెండుసార్లు దాటింది. బావి వెడల్పు మాత్రం ఒక మనిషి రెండు చేతులూ చాస్తే గోడలకు తగిలేంతే. వెడల్పుగా తవ్వితే మన్ను మోయలేమని అలా కానిచ్చారు.

"తవ్వమంటావా, మానుకోమంటావా చెప్పప్పా," అని వాకిట్లో కూలబడింది గంగక్క. "మానుకుంటే ఇన్నాళ్ల కష్టం గుంతలో పోసినట్టే. తవ్వాలంటే నా తమ్ముడే దిగాల. వానికి లోపల తల తిరుగుతాండాదంట."

"ఎండకు తిరుగుతాండాదిలే. ఈ పని కానియ్యి, నేనే వచ్చి చూస్తా. అంతవరకు ఆపండి," అన్నాడు బావ, గూట్లోంచి తల తియ్యకుండానే.

గంగక్క ఒక్కగానొక్క చేనూ, సోమన్న ప్రాణమూ ఆ గూట్లోకి పొయ్యే చేపల కోసం కాచుక్కూర్చున్నాయి. నాకు ఒళ్లు మండింది. పంతులు ఒళ్లు మండితే ఎవరికేం నష్టం?

ఆ ఇంటి గోడలు మూరెడు మందం. ఆ గూడు జానెడున్నర వెడల్పు, రెండు మూరల పైచిలుకు ఎత్తు. ఒకప్పుడు దీపపు సెమ్మె పెట్టేవారు. అందులో సరిగ్గా ఇమిడేలా అద్దాల తొట్టి చెయ్యమని పటాలు కట్టే రసూల్ సాబును పిలిపించాడు బావ. సాబు కొలతలు చూసి గడ్డం గోక్కున్నాడు.

"ఎత్తు శానా అయితాది రెడ్డీ. అద్దం పగుల్తాది. జర చౌడా చేయిద్దాం."

"చౌడా? చౌడు నేల్లో జొన్నలే మొలవవు, నా చేపలకు చౌడెందుకు సాబూ?" అన్నాడు బావ.

చౌడా అంటే వెడల్పని కర్నూలు వీధికుక్కలకు కూడా తెలుసు. సాబు నా వైపు చూశాడు. నేను చెప్పాను. బావ గట్టిగా నవ్వాడు.

"నీళ్లను అడ్డం కొలిచేటోణ్ని యాడన్నా చూసినావా? నీళ్లకు లోతే గదా లెక్క. రెండు మట్ల బావికీ ఎనిమిది మట్ల బావికీ పోలికుండాదా?"

మా సీమలో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ అనలేని మాట అది. చెరువులు ఎండి, ఏరు ఇసుకై, బావి అడుగున ఏ కాస్తో మెరిస్తే దానికోసం బతికేవాళ్లం మేము. నీళ్లంటే కిందికి చూడటమే మాకు తెలుసు. అందుకే ఆ మాట నాకూ సగం నిజంగానే తోచింది. సాబు మందపాటి అద్దాలు వేసి, రేకు అంచులు బిగించి, లప్పం పూసి తెచ్చిచ్చాడు. ఈలోపు గంగక్క ఇంకోసారి వచ్చి పోయింది.

చేపలు ఏరడానికి నన్ను తుంగభద్ర ఒడ్డుకు లాక్కుపోయాడు. అక్కడ వల విదిలిస్తున్న మనిషి, కూరకా పులుసుకా అని అడిగాడు. చూసేదానికి అన్నాడు బావ. చూడటానికి చేపలు అడిగినవాణ్ని ఆ మనిషి అంతకు ముందు చూసినట్టు లేదు. బుట్ట మా ముందు పెట్టి తాను వెళ్లి చెట్టు కింద కూర్చున్నాడు.

బావ బుట్ట ముందు గొంతుకూర్చుని, రాజధానిలో ఆఫీసర్లకు ఇళ్లు పంచినట్టు చేపలకు తొట్టిని పంచడం మొదలుపెట్టాడు.

"పై అంతస్తుకు పరిగలు. తెల్లగా మెరుస్తాయి, ఆఫీసర్లకు మెరిసేవి కావాల. నడిమి అంతస్తుకు కొర్రమీను. అడుగున జెల్ల, దానికి తోడు ఒక ఎండ్రకాయ. గోడల మీద పాచి తినేదానికి నత్తలు."

"రొయ్యలో?" అన్నాను.

"రొయ్యలు బంట్రోతులప్పా. అన్ని అంతస్తుల్లోనూ తిరుగుతాంటాయి."

చేపలు పైనా నడుమా అడుగునా వేరువేరుగా తిరుగుతాయన్నంత వరకూ ఆయన మాట తప్పేమీ కాదు. ఆయన తెలివి ఎప్పుడూ ఇంతే, సగం దూరం సరిగా నడిచి గోతిలో పడుతుంది. కొర్రమీను పక్క చేపల్ని మింగుతుందని చెప్పాను.

"అది పిల్లది. నా ఇంట్లో అన్నం తిని పెరిగితే అన్నమే తింటాది," అన్నాడు.

పరిగలు ఎన్ని కావాలో ఆలోచించలేదు. తొట్టి లోతు తలుచుకుని రెండు చేతులా దోసెడు ఎత్తి కుండలో పోసుకున్నాడు. ఇంకో దోసెడు కూడా పోశాడు. కిందంతా ఖాళీగానే ఉంటాది గదా అన్నాడు.

తొట్టి నిండిన పూట ఇల్లు బాగానే ఉంది, నేను కాదనను. కిటికీలోంచి పడిన ఎండలో పరిగలు తళతళలాడాయి. ఎండ్రకాయ అడుగున గులకరాళ్ల మధ్య అటూ ఇటూ నడిచింది. రొయ్యలు కనపడీ కనపడకుండా మీసాలు ఆడించాయి. వీధిలో వాళ్లంతా వచ్చి చూశారు. మా అక్క రామలక్ష్మమ్మ కూడా చేతిలో గరిటె పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. బావ పక్కన నిలబడి జొన్నన్నం మెతుకులు చల్లుతూ, నీళ్ల గుణం గురించి ఉపన్యాసం ఇచ్చాడు.

మర్నాటికి పరిగలన్నీ నీళ్ల పైకి చేరి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. అంత లోతు తొట్టిలో కింద ఒక్కటీ లేదు. అన్నీ జానెడున్నర జాగాలో ఒకదాని మీద ఒకటి తోసుకుంటున్నాయి.

"మనుషుల్ని చూసి పలకరిస్తాండాయి," అన్నాడు బావ వచ్చినవాళ్లతో.

రొయ్యలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. కొర్రమీను మాత్రం మెతుకు ముట్టకుండానే కండ పట్టింది. నత్తలు పాచి సంగతి వదిలేసి, అద్దం వెంట నీళ్లు దాటి పైకి పాకి, తొట్టి అంచున బారులు తీరాయి. వాటిని చూసైనా ఏదో తేడా ఉందని ఎవరికైనా తోస్తుంది. మా బావ వేలితో వాటిని మళ్లీ నీళ్లలోకి తోసేవాడు. అవి మళ్లీ ఎక్కేవి. ఎండ్రకాయ ఇంత సహించలేదు. తొట్టిలో వేసిన నాచు తీగ పట్టుకుని పైకెక్కి, గోడ దిగిపోయి, అక్క బియ్యం పోసుకునే చేట కింద దొరికింది. అక్క దాన్ని చేటతో సహా తీసుకెళ్లి బావ ఒడిలో పెట్టింది.

తర్వాత చావులు మొదలయ్యాయి. పొద్దున లేచేసరికి తెల్లటి పొట్టలు పైకి తేలేవి. తినని మెతుకులు అడుగున పులిసి నీళ్లు వాసన కొట్టాయి. మిగిలినవాటి అవస్థ చూడలేక అక్క వాటిని తీసుకెళ్లి పెరట్లో ఎద్దులకు నీళ్లు పెట్టే రాతి తొట్టిలో పోసింది. ఆ తొట్టి వెడల్పే గానీ నీళ్లు మోచేయి లోతు కూడా లేవు. కాసేపటికి పరిగలు పైన నోళ్లు తెరవడం మానేసి అడుగున తిరగడం మొదలుపెట్టాయి.

"చూడు, మోచేతి లోతులో ఎట్ల తిరుగుతాండాయో," అంది అక్క.

"అది రాతి గుణం," అన్నాడు బావ. అని, వాటిని పట్టుకొచ్చి మళ్లీ గూట్లో పోశాడు, ఎందుకంటే ఆ సాయంత్రం ఇంజనీరు చూడటానికి వస్తున్నాడు.

ఆ సాయంత్రమే గంగక్క కూడా వచ్చింది. చేను పక్కవాళ్లు ఎగతాళి చేస్తున్నారట, ఇక ఏదో ఒకటి తేల్చుకుని పోతానని గడప పక్కన కూర్చుంది. ఇంజనీరు లోపలికి వచ్చి, గూటి ముందు నిలబడి, తొట్టిని పైనుంచి కిందిదాకా చూశాడు. పైన పరిగలు నోళ్లు తెరుచుకుని గింజుకుంటున్నాయి. మధ్యలో కొర్రమీను తాపీగా తిరుగుతూ, అప్పుడప్పుడు పైకొచ్చి ఒక గుటక గాలి మింగి పోతోంది.

"ఇంత సన్నటి తొట్టిలో ఇన్ని చేపలు బతకవండీ," అన్నాడు. "గాలి నీళ్ల పైభాగం నుంచే లోపలికి దిగుతుంది. పైన ఇంతే జాగా ఉన్నప్పుడు కింద ఎంత లోతున్నా లాభం లేదు. ఇలాంటి దాంట్లో ఒకటో రెండో వేసుకోవాలి, నాలుగు నత్తలు వేసుకోవాలి. ఆ కొర్రమీను గాలి మింగి బతికే రకం కాబట్టి సరిపోయింది."

బావ మీసం దువ్వుకుంటూ చిరునవ్వు నవ్వాడు. ఇంజనీరు గడప దాటగానే, "ఆయనకు కోస్తా నీళ్లు తెలుసు, సీమ నీళ్లు యాడ తెలుస్తాయి?" అన్నాడు. తన నీళ్ల పరిజ్ఞానం చూపించడానికి పిలిచిన మనిషి ముందే పరువు పోయిందని ఆయనకు తెలియనే లేదు. నాకు జాలి పడాలనిపించింది, కానీ పడబుద్ధి కాలేదు.

గంగక్క లేచి గూటి దగ్గరికి వచ్చింది. పరిగల్ని చూస్తూ నిలబడింది.

"ఆ సారు చెప్పింది చేపలకేనా అప్పా, మనుషులకు కూడానా?"

"ఏందది?"

"నా బావి గూడా ఇట్లనే సన్నగా ఉండాది గదా. సోమన్న అడుక్కు పోతే రొప్పుతాండాడు. వాణ్ని దించమంటావా?"

బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దించు. ఇంకో మట్టులో నీళ్లుండాయి. నా చెవికి వినపడినాయి," అన్నాడు.

అక్క వంటింట్లోంచి వచ్చింది. గొంతు పెంచలేదు. "రేపు ఆయమ్మ వెంట పొయ్యి, బావి చూసి, ఆ మాట ఆడ చెప్పు. పోకుండా ఇంట్లో కూర్చుంటే నీకు సంగటి పెట్టను," అంది. ఆమె అన్నమాట చేసే మనిషని మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు బస్సెక్కి, దిగి నడిచి, గంగక్క చేనికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బావ వచ్చాడని తెలిసి పల్లెలో సగం మంది చేరారు. గడ్డ మీద కప్పీ, మోకు సిద్ధంగా ఉన్నాయి. సోమన్న నాకంటే చిన్నవాడు, మాట తక్కువ. అతను లాంతరు వెలిగించి తాడుకు కట్టి బావిలోకి దించాడు. వెలుగు సగం దూరం దిగింది, ఇంకాస్త దిగింది, అడుగు చేరకముందే ఆరిపోయింది.

"ఇట్లుండాది అప్పా," అన్నాడు సోమన్న.

"గాలికి ఆరిందిలే," అన్నాడు బావ.

గాలి అనేది ఆకు కదిలేంత కూడా లేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన కోపం తెచ్చుకుని తిరిగి బస్సెక్కేవాడేమో. అందరూ ఊరికే ఆయన వైపు చూశారు. ఆ చూపులు ఆయనకు తగిలాయి.

"నమ్మకుంటే నేనే దిగుతా. యాడ తవ్వాలో అడుగున గీత గీసి వస్తా," అని పైపంచె తీసి నా చేతికిచ్చాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను. "బావా, దీపం ఆరినచోట మనిషి దిగకూడదు. ఇంతమంది చూశారు, ఇంక చాల్లే," అన్నాను. ఆయన్ని ఎగతాళి చేసి బతికినవాణ్ని, ఆ రోజు నిజంగా బతిమాలాను. ఆయన నా చెయ్యి విదిలించుకున్నాడు. సోమన్న మోకును ఆయన నడుముకూ తొడలకూ భద్రంగా కట్టి, "తల తిరిగితే తాడు లాగప్పా, నేను చూసుకుంటాంటా," అన్నాడు.

కప్పీ కీచుమంది. బావ బట్టతల మెల్లగా నీడలోకి పోయింది. పైనుంచి చూస్తుంటే చాలాసేపు బాగానే దిగుతున్నట్టు కనపడ్డాడు. ఏదో చెప్తున్నాడు కూడా, రాతి పొరల గురించి కాబోలు. తర్వాత ఆ మాట ఆగింది. తాడు కదల్లేదు. తాడు లాగాలనే తెలివి కూడా అప్పటికి ఆయనకు లేదని నాకు తర్వాత తెలిసింది. సోమన్న ఎవరి మాటా వినకుండా మోకు లాగడం మొదలుపెట్టాడు. మేమంతా పట్టుకున్నాం. నా అరచేతుల తోలు లేచిపోయింది.

పైకి వచ్చేసరికి బావ ముఖం నల్లబడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. నేల మీద పడుకోబెట్టి పైపంచెతో విసిరాం. ఎన్నో చేలలో చెవి ఆనించి పడుకున్న మనిషి, ఈ చేలో వెల్లకిలా పడుకుని ఊపిరి కోసం తన్నుకున్నాడు. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. అక్కకు ఏం చెప్పాలి అన్నదొక్కటే బుర్రలో తిరిగింది.

కాసేపటికి రంగు తిరిగింది. గంగక్క చెంబుతో మజ్జిగ తెచ్చి పట్టించింది. ఆయన లేచి కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లను చూసి, బావి వైపు చూసి, తల దించుకున్నాడు. అడగాల్సింది గంగక్క ఒక్కతే.

"ఏమప్పా, సోమన్నను దించమంటావా?"

"వద్దమ్మా," అన్నాడు బావ. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఇంకోసారి మజ్జిగ తాగి, ఏదో కొత్త సంగతి కనుక్కుని వచ్చినవాడిలా అందరి వైపూ చూస్తూ చెప్పాడు. "లోపల గాలి లేదు. మనిషి దిగితే చస్తాడు."

"ఆ మాట సోమన్న ఉగాది నుంచీ చెప్తానే ఉండాడప్పా," అంది గంగక్క.